మా అమ్మ వేసిన ఆరు మార్కుల గురించి

గౌరవనీయులైన పర్యవేక్షణాధికారి గారి సముఖానికి,
ఇంటివద్ద ఉపశమన సేవల విభాగం,
రెండవ అంతస్తు.

అయ్యా,

(తమ గది తలుపు మీద హోదా మాత్రమే రాసి ఉన్నందువల్ల తమరు అయ్యగారో అమ్మగారో తెలియలేదు. రెండూ రాద్దామనుకుని, ఏది ముందు రాయాలన్న దగ్గర అరగంట ఆగిపోయి, చివరికి అర్జీలన్నీ ఇలాగే మొదలవుతాయి కదా అని ఇలాగే మొదలుపెట్టాను. తమరు అమ్మగారైతే మన్నించగలరు. ఇటువంటి సందేహాలు కింద ఇంకా తగులుతాయి.)

విషయం: రోగి వేసిన ఆరు మార్కులను తక్కువ మార్కులుగా భావించి తమ కార్యాలయం వెనక్కి పిలిపించిన నర్సును, కాలం మించకముందే అదే ఇంటికి తిరిగి పంపవలసిందిగా మనవి.

సూచిక: (1) సోమవారం నాటి తమ హెచ్చరిక లేఖ. (2) బుధవారం నాటి తమ అభినందన లేఖ. (3) ఈ రెంటికీ మధ్య తమ కార్యాలయంతో ఫోనులో జరిగిన సంభాషణ.

దిగువ సంతకం చేసిన నేను పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా:

1. రోగి మా తల్లిగారు. వయస్సు డెబ్బై ఆరు సంవత్సరములు. హైస్కూలులో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు బోధించి పదవీ విరమణ చేసినారు. జబ్బు ఎముకల్లోకి పాకినది. ఇక చేయదగిన వైద్యం లేదనీ, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలి ఉన్నదనీ ఆసుపత్రివారు తెలియజేసినారు. ఈ మాట చెప్పడానికి పెద్ద డాక్టరుగారు పావుగంట తీసుకున్నారు. "అంటే ఇంటికి పొమ్మంటారు, అంతేగా" అని మా తల్లిగారు దాన్ని ఒక్క మెట్టులో సాధించేసి, కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు.

తదుపరి రోగిని ఇంటికి తీసుకొచ్చి, ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేయడమైనది. లోపలి గది చల్లగా ఉంటుందని నేను చెప్పి చూశాను. లోపల పడుకుంటే వీధిలో ఎవరు గేటు వేయకుండా పోతున్నారో ఎలా తెలుస్తుందని అడిగింది. (మా తల్లిగారిని ఇకమీదట 'అమ్మ' అనే రాస్తాను. 'మా తల్లిగారు' అని రాసినప్పుడల్లా ఎవరో పరాయి ఆవిడ మంచం మీద పడుకున్నట్టుంది.)

2. తమ విభాగం మాకు కేటాయించిన నర్సు ప్రతి మంగళ, శుక్రవారాలు ఉదయం పది గంటలకు వచ్చేవారు. ఆమె రాక గేటు చప్పుడుతో మొదలై, వీధి తలుపు ధడాలుమనడంతో పూర్తయ్యేది. మెత్తగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. మార్ఫిన్ సిరప్ వల్ల వచ్చే మలబద్ధకం గురించి అమ్మకూ ఆమెకూ జరిగిన చర్చలో మా వీధివారందరికీ ఇప్పుడు తగిన పరిజ్ఞానం ఉన్నది. అమ్మ ఆమెకు 'తలుపు పిల్ల' అని పేరు పెట్టింది. పిల్లకు ముప్ఫై ఐదేళ్లు పైనే ఉంటాయి. అమ్మ లెక్కలో యాభై లోపువాళ్లందరూ పిల్లలే. నాకు నలభై ఆరు.

పడకపుండుకు కట్టు మార్చడం, నోరు శుభ్రం చేయడం, మందు మోతాదు చూడటం, మడమల కింద దిండ్లు సర్దడం, ఇవన్నీ తమ సేవల పత్రంలో ఉన్నవే. పత్రంలో లేనిది ఒకటి ఉంది. మూడో వారంలో ఆమె నన్ను వంటగదిలోకి పిలిచి, తన మట్టుకు తాను గొంతు తగ్గించి (పక్కింటికి మాత్రమే వినిపించేట్టు) చివరి రోజులు ఎలా ఉంటాయో చెప్పింది. నీళ్లు వద్దంటారని, బలవంతం చేయొద్దని, చేతులూ కాళ్లూ చల్లబడతాయని, ఊపిరి చప్పుడు మారుతుందని, ఆ చప్పుడు మనకే కష్టంగాని వాళ్లకు నొప్పి కాదని. "అప్పుడు నాకు ఫోన్ చేయండి. మంగళవారమా, శుక్రవారమా అని చూడకండి. నేనొస్తాను" అంది.

నేను కళాశాలలో తత్వశాస్త్రం చెబుతాను. మరణం మీద సెమిస్టరుకు పన్నెండు గంటలు పాఠం ఉంది. ఆ పన్నెండు గంటల్లో నేను ఎవరికీ చెప్పలేనిది ఆమె గిన్నెల స్టాండు దగ్గర నిలబడి నాలుగు నిమిషాల్లో చెప్పింది.

3. సందర్శన ముగిసిన గంటలోపు తమ కార్యాలయం నుండి ఫోనుకు ఒక ప్రశ్న వచ్చును: 'నేటి సేవకు మీరు ఇచ్చే మార్కులు, సున్నా నుంచి పది.' ఏడుకు తగ్గినచో 'కారణం' అని ఒక గడి తెరుచుకొనును. అది నింపుట తప్పనిసరి కాదు. మామూలు ఇళ్లకు ఇటువంటి ప్రశ్న పంపితే ఇబ్బంది లేదు. మా ఇంటికి పంపడంతోనే చిక్కు వచ్చింది.

ముప్ఫై నాలుగేళ్లు జవాబు పత్రాలు దిద్దిన మనిషికి, పదవీ విరమణ చేసిన పద్దెనిమిదేళ్లకు, పదికి ఎంత వేస్తారని మళ్లీ ఒకరు అడిగారు. ఆ రోజు అమ్మ దిండుకానుకుని కూర్చుంది. కళ్లజోడు పెట్టెలోంచి బయటికొచ్చింది. తను చెబుతుంటే నేను నొక్కాలి, నొక్కినది తనకు చూపించాలి, ఆ తర్వాతే పంపాలి. దిద్దినది మళ్లీ సరిచూడకుండా ఏ పత్రమూ తన చేతి నుంచి బయటికి పోలేదంది.

ఇక్కడ తమరికి అమ్మ మార్కుల పద్ధతి వివరించవలసి ఉన్నది. లెక్క తప్పు చేస్తే రెండు. పద్ధతి సరైనదై జవాబు తప్పితే నాలుగు. జవాబు సరైనదైతే ఐదు. జవాబు సరైనదై, చేతిరాత శుభ్రంగా ఉండి, పైగా అమ్మకు ఆ రోజు తలనొప్పి లేకపోతే ఆరు. ఆరు దాటి ఎవరికీ వేయలేదు. మిగతా నాలుగు మార్కులు ఎందుకు పోయాయి టీచర్ అని అడిగితే, "ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉన్నాయి" అనేది. ఒకసారి ప్రధానోపాధ్యాయులు పిలిచి మందలిస్తే ఆయనకు ఇచ్చిన సంజాయిషీ ఇది: "ఐదేస్తే ఏడుస్తారు. ఏడేస్తే చదవడం మానేస్తారు. ఆరేస్తే నా మీద కసితో చదువుతారు."

ఇందుకు సాక్షి మా వీధి మలుపులో మందుల షాపాయన. ఆయన అమ్మ శిష్యుడే. అమ్మకు మార్ఫిన్ సిరప్ ఇచ్చేది ఆయనే. సీసా మీద రాసిన మోతాదును రెండుసార్లు పైకి చదివి గాని చేతికివ్వడు. ఎందుకని అడిగితే, తొమ్మిదో తరగతిలో దశాంశ బిందువు ఒక గడి జరిపినందుకు టీచరుగారు తనకు రెండు మార్కులు వేశారని, అప్పటినుంచి బిందువు కనిపిస్తే చాలు వెన్ను నిటారుగా అవుతుందని చెప్పాడు. కావాలంటే తమ ఎదుట కూడా చెబుతానన్నాడు.

4. సదరు నర్సుకు అమ్మ వేసిన మార్కులు, ఆమె చెప్పగా నేను 'కారణం' గడిలో మాట మార్చకుండా రాసినవి:

మొదటి సందర్శన: నాలుగు. "కట్టు బాగా కట్టింది. తలుపు ధడాలున వేసింది. గొంతు పెద్దది."

రెండవది: నాలుగు. "తలుపు."

మూడవది: ఐదు. "నోరు తుడిచే ముందు తుడవమంటారా అని అడిగింది. ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు. తలుపు సంగతి చెప్పాను. విని తల ఊపింది. పోయేటప్పుడు మళ్లీ అంతే."

నాలుగవది: ఐదు. "నాకు జోకు చెప్పింది. జోకు బాగాలేదు. నవ్వించింది."

ఐదవది: ఆరు. దీనికి కారణం అమ్మ చెప్పలేదు. 'కొనసాగించవచ్చు' అని మాత్రం రాయించింది. కాబట్టి ఆ రోజు జరిగినది నేను చెప్పవలసి ఉన్నది.

ఎముకల్లో నొప్పి ఉన్న మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం ఎలా ఉంటుందో తమ వృత్తిరీత్యా తమరికి తెలిసే ఉంటుంది. ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ తిప్పేవాళ్లు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, మూడు దగ్గర తిప్పేవారు. మూడు ఎప్పుడు వస్తుందో వాళ్లకు తెలుసు. అమ్మకు తెలియదు. రెండు అన్నప్పటినుంచే అమ్మ ముఖం బిగుసుకుపోయేది. నేను తిప్పితే ఇంకా కష్టం. "నీకు అనుమానం ఎక్కువే. అది చేతుల్లోకి దిగుతోంది" అంటుంది. నిజమే.

ఆ రోజు ఈ నర్సు ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి, వంగి, ఆగి, "లెక్కలు మీవి కదా టీచరమ్మా. మీరే లెక్కపెట్టండి. మీరు మూడంటేనే నేను కదులుతాను" అంది.

అమ్మ ఒకటి అంది. కొంచెం ఆగి రెండు అంది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో నేను చూడలేదు. వీధిలోంచి ఒక కూరగాయల బండి మొత్తం దాటిపోయింది. నర్సు అలాగే నడుం వంచి, చేతులు కింద ఉంచి, ఒక్క మాట మాట్లాడకుండా నిలబడింది. ఆ గొంతున్న మనిషి. అప్పుడు అమ్మ మూడు అంది. నెలన్నరలో మొదటిసారి మూలుగు వినపడలేదు.

ఆమె వెళ్లాక నేను, ఇంకొంచెం వేయొచ్చు కదమ్మా అన్నాను. అమ్మ నాకేసి వింతగా చూసి, "ఆరు కంటే ఇంకేం వేస్తారే?" అంది.

ఆరవది: ఆరు. "తలుపు నెమ్మదిగా వేయబోయి చెయ్యి నలిపించుకుంది. ప్రయత్నానికి."

ఏడవది: ఆరు. "ఈమె వచ్చిన రోజు నాకు భయం వేయడం లేదు. తలుపు మాత్రం నేర్చుకోవాలి."

అమ్మకు భయం వేస్తుందని ఆ గడిలో రాసేటప్పుడే నాకు తెలిసింది. తమ కార్యాలయానికి కూడా అదే గంటలో తెలిసి ఉండాలి. ఎవరూ చదవలేదు.

5. ఎనిమిదవ సందర్శన శుక్రవారం జరిగినది. సోమవారం తమ లేఖ వచ్చినది. 'వరుసగా ఎనిమిది సందర్శనలలో ఏడుకు తక్కువ మార్కులు నమోదైనందున సదరు ఉద్యోగిని మీ ఇంటి బాధ్యతల నుండి తప్పించి పద్నాలుగు రోజుల ప్రవర్తనా శిక్షణకు పంపడమైనది, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, ఇకమీదట ఆమె మీ ఇంటికి రాదని హామీ ఇస్తున్నాము' అని అందులో ఉన్నది. హామీ అన్న మాటను రెండుసార్లు చదివాను.

వెంటనే ఫోను చేశాను. ఎత్తిన ఆవిడ మర్యాదస్తురాలు. తక్కువ వేసింది మీరే కదండీ అన్నారు. మా ఇంట్లో ఆరు తక్కువ కాదని, అంతకంటే ఎక్కువ లేదని వివరించాను. ఆవిడ, "మరి మీ ఇంట్లో పది అంటే ఏంటండీ?" అని అడిగారు. పది అంటే అమ్మ పేపరు చదవకుండా పక్కన పెట్టేసిందని అర్థం అన్నాను. "అయ్యో, అలాగైతే మా దగ్గర అందరికీ పదేనండీ" అన్నారు పాపం.

మార్కులు మార్చడానికి వీలుందా అంటే, ఒకసారి పంపాక సిస్టమ్ ఒప్పుకోదన్నారు. అమ్మతో చెప్పాను. "సరైన పద్ధతే. నేనూ మార్చేదాన్ని కాదు" అంది. అంటే ఈ విషయంలో తమ నియమమూ రోగీ ఒకే మాట మీద ఉన్నారు. మధ్యలో నిలబడి రీవాల్యుయేషన్ కోరుతున్నది నేనొక్కదాన్నే. అది కూడా పరీక్ష రాసిన మనిషి కోరాలి గాని, దిద్దిన మనిషి కూతురు కోరవచ్చునా అన్నది నాకు తేలలేదు.

(ఈ సంగతి మొదట అమ్మకు చెప్పలేదు. నర్సు సెలవులో ఉందన్నాను. తనకు అబద్ధాలు దిద్దడం కూడా అలవాటే. నిజం చెప్పాక అటు తిరిగి పడుకునేదే, తనంతట తాను తిరగలేదు కనుక కళ్లు మూసుకుంది. చాలాసేపటికి, "ఆరు తక్కువని ఎవరే చెప్పింది వాళ్లకి" అంది.)

6. మంగళవారం నుంచి కొత్త నర్సు వస్తున్నారు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదని ముందుగా నమోదు చేసుకొనవలెను. ఆమెకు రోజుకు పదకొండు ఇళ్లు. వచ్చినట్టు తెలియదు, వెళ్లినట్టు తెలియదు, తలుపు దూది మీద వేసినట్టు వేస్తారు. చక్కగా నవ్వుతారు. ఒకటి, రెండు, మూడు అని తానే లెక్కపెట్టి మూడు దగ్గర తిప్పుతారు. ఆ తర్వాత అమ్మ గంటసేపు మాట్లాడదు.

మార్కులడిగితే అమ్మ కళ్లు తెరవకుండానే "పది వేసెయ్" అంది. కళ్లజోడు అడగలేదు. నొక్కినది చూపించమనలేదు. మర్నాడు తమ అభినందన లేఖ వచ్చినది: 'మీ సంతృప్తి మాకు గర్వకారణం.' రెండు లేఖలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మా ఇంట్లో బాగున్నప్పుడు తమరు చింతించారు. బాగోలేనప్పుడు గర్వించారు.

ఇంతవరకు ఈ అర్జీని అమ్మకు చదివి వినిపించాను. వాక్యాలు పొడుగయ్యాయని, రెండో పేరా అనవసరమని అంది. కింది అంశం చదవలేదు.

7. ఎనిమిదవ సందర్శనకు మార్కులు వేసినది రోగి కాదు. నేను.

ఆ శుక్రవారం నర్సు వెళ్లేసరికి అమ్మ మందు మత్తులో నిద్రపోతోంది. ఫోను మోగినప్పుడు నేను వంటగదిలో ఉన్నాను. లేపడం ఇష్టం లేకపోయింది. చూసేవాళ్లు లేరు. ఏ అంకె నొక్కినా అడిగేవాళ్లు లేరు. నా వేలు తొమ్మిది మీదికి వెళ్లింది కూడా.

నేను పదో తరగతి దాకా అమ్మ క్లాసులోనే చదివాను. నాకు వచ్చిన అత్యధిక మార్కులు ఐదున్నర. ఆ అర కూడా మార్జిను నిటారుగా గీసినందుకు. తర్వాత చాలా చదివాను. పట్టా తీసుకొచ్చి చూపించిన రోజు, "మీ సబ్జెక్టులో జవాబు సరైందో కాదో ఎలా తెలుస్తుందే?" అని అడిగింది. అది వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నాకూ తెలియదని చెప్పలేదు.

నాలుగు నెలలుగా సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. అమ్మకు తాగించేది, తుడిచేది, మంగళ శుక్రవారాలు కాని రోజుల్లో తిప్పేది నేనే. నలభై ఆరేళ్లలో నాకు దక్కని ఆరు, ఈమె నాలుగు వారాల్లో తలుపులు బాదుకుంటూ వచ్చి తెచ్చేసుకుంది. దాని పైన తొమ్మిది కూడా నా చేతులతోనే వేయాలా అనిపించింది. ఇలా అనిపించిందని అప్పుడు నాకు నేను ఒప్పుకోలేదు. అమ్మ ప్రమాణాన్ని కాపాడుతున్నాననుకున్నాను. దేనికైనా ఒక గౌరవప్రదమైన కారణం వెతకడం మా సబ్జెక్టులో నేర్పుతారు. ఆరు నొక్కాను. 'కారణం' గడి ఖాళీగా వదిలేశాను.

ఎనిమిది వరుసగా ఏడుకు తగ్గితే ఏమవుతుందో నాకు తెలియదు. తెలిస్తే నొక్కేదాన్ని కాదని రాయబోయి ఆగాను. నొక్కేదాన్ని కాదు. ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు.

8. పై అంశం నా పశ్చాత్తాపం కొరకు రాసినది కాదు. తమ నియమావళి మూడో పేజీలో 'మార్కులు రోగి గాని, రోగి చెప్పగా సహాయకులు గాని వేయవలెను' అని స్పష్టంగా ఉన్నది. ఎనిమిదవ మార్కు రోగి వేసినది కాదు, రోగి చెప్పగా వేసినదీ కాదు. కనుక అది చెల్లదు. అది చెల్లనిచో వరుస ఏడు వద్దనే ఆగిపోయినది. ఎనిమిది పూర్తి కానందున సదరు నర్సును తప్పించిన ఉత్తర్వు కూడా చెల్లదు. లెక్క ఇది. అమ్మ చూసినా తప్పు పట్టదని నమ్ముతున్నాను.

9. కావున తమను వేడుకొనునది:

సదరు నర్సును శిక్షణ ముగిసేదాకా ఆపకుండా వెంటనే మా ఇంటికి తిరిగి నియమించవలెను. పద్నాలుగు రోజులు తమ కార్యాలయానికి రెండు వారాలు. గురువారం నుంచి అమ్మ చెంచాతో నీళ్లు తాగుతోంది, రోజుకు ఆరేడు చెంచాలు. నిన్న ఒక చెంచా వద్దంది. పెద్ద డాక్టరుగారిని ఫోనులో అడిగితే ఆయన మళ్లీ పావుగంట మాట్లాడారు. ఈసారి దాన్ని సాధించడానికి అమ్మకు ఓపిక లేదు. నేనే సాధించుకున్నాను. ఆమెకు శిక్షణ తప్పనిసరి అనుకుంటే తర్వాత నెల రోజులు ఇచ్చుకోండి. తలుపు గురించి అదనంగా ఒక రోజు పెట్టినా మాకు అభ్యంతరం లేదు.

ఆమె సేవా పుస్తకంలో ఈ విషయమై ఎర్ర సిరాతో ఏమైనా రాసి ఉంటే కొట్టివేయవలెను.

కొత్త నర్సుగారిని ఇందువల్ల ఏ విధంగానూ ఇబ్బంది పెట్టరాదు. ఆమెకు వచ్చిన రెండు పదులు అలాగే ఉండనివ్వగలరు.

చివరగా, తమ కార్యాలయంలో ఎవరైనా ఒకరు, వారానికి ఒక గంటైనా, ఆ 'కారణం' గడులు చదివే ఏర్పాటు చేయవలెను. అందులో ఎవరెవరు ఏమేం రాసి ఉంటారోనని ఈ వారమంతా ఆలోచిస్తున్నాను. మనిషికి చెప్పలేనివి చాలామంది అందులో రాస్తారనుకుంటాను.

ఇందులోని అంకెలను గాక మాటలను చిత్తగించవలెనని, చిత్తగించుటలో ఆలస్యం చేయరాదని ప్రార్థిస్తూ,

తమ విధేయురాలు,
(రోగి కూతురు)

జతపరచినవి: తమ లేఖలు రెండు. మందుల షాపాయన వాంగ్మూలం (మోతాదు చీటీ వెనుక రాసి ఇచ్చినాడు). 'కారణం' గడుల నకలు, ఏడు.

తా.క.: ఇది నిన్న, శనివారం, రాసి కవరులో పెట్టాను. సోమవారం తమ కార్యాలయం తెరవగానే ఇద్దామనుకున్నాను. కవరు మళ్లీ విప్పవలసి వచ్చింది.

ఈ రోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. తర్వాత వీధి తలుపు. చూడకుండానే తెలిసింది. యూనిఫాం లేదు, సంచీ లేదు, మామూలు బట్టల్లో ఉంది. ఇటువైపు ఏదో పనుండి వెళుతూ వచ్చానంది. మా వీధికి అటువైపు దారి లేదు, గోడ ఉంది. అమ్మ దగ్గరికి రమ్మన్నాను.

అమ్మ కళ్లు తెరిచింది. ఈ రెండు రోజుల్లో అంత పూర్తిగా తెరవలేదు. "శిక్షణలో ఏం నేర్పుతున్నారు?" అని అడిగింది.

"నవ్వడం నేర్పుతున్నారు టీచరమ్మా."

"వచ్చిందా?"

"ఇంకా రాలేదండీ. మొన్న పెద్ద మేడమ్ ముందు నవ్వితే, వద్దులే అన్నారు."

అమ్మకు నవ్వడానికి శక్తి లేదు. భుజాలు కొంచెం కదిలాయి. అది నవ్వేనని మా ఇద్దరికీ తెలుసు.

మందు ముట్టుకోలేదు. కట్టు ముట్టుకోలేదు. డ్యూటీలో లేనప్పుడు అవి చేయకూడదంది. తమ నియమాలు ఆమెకు బాగా తెలుసు. దిండు సర్దింది. పెదవులు తడిపింది. ఇవి ఎవరైనా చేయవచ్చు కదా అని నన్నడిగింది, నేను అవునన్నాను. తర్వాత కుర్చీ లాక్కుని అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. గంటసేపు అలాగే ఉంది.

నేను ఆమెను వంటగదిలోకి పిలిచి, చివరి ఆరు నేను వేసిందని చెప్పాను. తెలుసంది. శిక్షణలో ఆమె మార్కుల కాగితాలన్నీ ముందుపెట్టి, తప్పులు తెలుసుకోమని ఒక్కొక్కటే చదివించారట. "చివరిదాంట్లో గడి ఖాళీగా ఉందండీ. టీచరమ్మ వేసి ఉంటే తలుపు గురించి రాయకుండా ఉంటుందా?" అంది. నేను క్షమించమని అడగబోయాను. ఆమె దానికోసం ఆగలేదు. ఏడో సందర్శన కాగితం తన దగ్గరే ఉంచుకున్నానని, అడిగితే తిరిగిచ్చేస్తానని చెప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

వెళ్లేటప్పుడు అమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. మా అమ్మ తన జన్మలో ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. నన్ను కూడా మంచినీళ్లివ్వమని అడగదు, గ్లాసు కేసి చూస్తుందంతే. అమ్మ ఆమెను, "రేపొస్తావా?" అని అడిగింది.

వస్తానంది.

కావున పై తొమ్మిదో అంశంలో కోరినవన్నీ అలాగే ఉండగా, వాటికంటే ముందు ఇది చిత్తగించగలరు. రేపు సాయంత్రం శిక్షణ వదిలాక తమ ఉద్యోగిని ఒకరు, తమ హామీకి విరుద్ధంగా, మా ఇంట్లో ఉంటుంది. ఎల్లుండి కూడా ఉంటుంది. ఆమెను నేనే రమ్మన్నాను, తలుపు తీసింది నేను. సంజాయిషీ కావాలంటే ఆమెను కాదు, నన్ను అడగండి. ఎన్ని పేజీలైనా రాసిస్తాను. కొన్నాళ్లు ఆగి అడగండి. అమ్మ వెళ్లాక నాకు బోలెడంత తీరిక ఉంటుంది.